అర్థం ముందు, గ్రంథం తర్వాత

ఆదికాండం పద్నాలుగో అధ్యాయంలో అబ్రాహాము తన ఇంట పుట్టిన 318 మందిని వెంటబెట్టుకుని శత్రువుల మీదికి వెళ్తాడు. మామూలు పాఠకుడికి అదొక లెక్క. బర్నబా పేరు మీద చలామణీ అయిన తొలినాటి క్రైస్తవ లేఖ రాసినాయనకు మాత్రం అందులో యేసు కనబడ్డాడు. గ్రీకులు అంకెలను అక్షరాలతోనే రాసేవారు. పద్దెనిమిదికి వాడే రెండక్షరాలతోనే యేసు పేరు మొదలవుతుంది. మూడు వందలకు వాడే అక్షరం ‘టౌ’ సిలువలా ఉంటుంది. ఇంకేం, అబ్రాహాముకు సిలువ సంగతి ముందే తెలుసన్నమాట! ఇంతకంటే అసలైన బోధ తన దగ్గర ఎవరూ నేర్చుకోలేదని ఆయన మురిసిపోయాడు కూడా. ఆదికాండం హీబ్రూలో పుట్టిన గ్రంథం కదా, అందులోకి గ్రీకు అక్షరాలు ఎలా వచ్చాయన్న అనుమానం ఆయనకు రాలేదు.

ఈ అవస్థకు కారణముంది. పాత నిబంధనలో కోపిష్ఠి దేవుడున్నాడు, ఊచకోతలున్నాయి. దాన్ని పక్కన పెట్టేద్దామన్న మార్సియన్‌ను రోము సంఘం 144లో వెలివేసింది. గ్రంథం ఉండాలి, ఇబ్బంది పోవాలి. హోమర్ కావ్యాల్లో దేవతల రంకులకూ కొట్లాటలకూ గ్రీకు పండితులు అప్పటికే లోపలి అర్థాలు కట్టిపెట్టారు. అలెగ్జాండ్రియా యూదు తత్వవేత్త ఫైలో అదే పద్ధతిని మోషే గ్రంథాలకు పట్టించాడు. క్రైస్తవులు దాన్నే అందుకున్నారు.

అలెగ్జాండ్రియాలోనే బోధించిన ఒరిజెన్ మూడో శతాబ్దపు మహా మేధావి. సూర్యుడే లేకుండా మొదటి మూడు రోజులు ఎలా గడిచాయి, దేవుడు తోటలో షికారు చేయడమేమిటి అని అడిగాడు. ఏ హేతువాదీ ఇంతకంటే సూటిగా అడగలేడు. అంత దూరం వచ్చినవాడు, ఇది మనుషుల రాత, తప్పులుంటాయి అనలేదు. చదివేవాడు పై అర్థం దగ్గరే ఆగిపోకుండా, లోతుకు వెళ్లాలని దేవుడే కావాలని అక్కడక్కడా అలాంటి అడ్డంకులు పెట్టాడన్నాడు. తప్పు కనబడితే అదీ దైవరచనకు రుజువే! ఇక ఆ గ్రంథం తప్పని తేల్చే దారేది?

మంచి సమరయుడి కథ చూడండి. దోపిడీకి గురై దారిలో పడి ఉన్న మనిషిని పరాయి జాతివాడు ఆదుకుని పూటకూళ్లింటికి చేర్చాడు. పసిపిల్లలకూ అర్థమయ్యే నీతి. ఈ పండితుల చేతిలో దెబ్బలు తిన్నవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, పూటకూళ్లిల్లు సంఘం అయ్యాయి. సమరయుడు అక్కడ ఇచ్చిన రెండు దేనారా నాణేలు ఒరిజెన్‌కు తండ్రి, కుమారుడు. తర్వాతి కాలపు బిషప్ అగస్టీన్‌కు దైవప్రేమ, పొరుగువాడి మీద ప్రేమ అనే రెండు ఆజ్ఞలు. ఎవరిది ఒప్పో తేల్చే కొలబద్ద ఏదీ లేదు.

అగస్టీన్ ఈ గుట్టు తానే విప్పాడు. లేఖనంలో సత్ప్రవర్తనకో, విశ్వాస సత్యానికో అక్షరాలా పొసగని మాట ఏది కనబడినా దాన్ని అలంకారంగా తీసుకోవాలని ‘క్రైస్తవ బోధన గురించి’ అనే గ్రంథంలో సూత్రం పెట్టాడు. అంటే చేరవలసిన చోటు ముందే ఖాయం, గ్రంథాన్ని అక్కడికి లాక్కురావడమే వ్యాఖ్యానం. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. నక్షత్రాల గురించీ ప్రకృతి గురించీ తెలియని విషయాలను లేఖనం పేరుతో వాగి అన్యుల ముందు నవ్వులపాలు కావద్దని విశ్వాసులను మందలించినవాడూ ఆయనే.

బోధన తీరూ ఇలాగే ఉండేది. క్రీస్తు దొరికాక ఇక కుతూహలం అక్కర్లేదని తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టూలియన్ తీర్పిచ్చాడు. మతభ్రష్టులకు లేఖనం మీద హక్కే లేదు, వాళ్లతో దాని మీద వాదించనే వద్దన్నాడు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము బిషప్ సిరిల్, బాప్తిస్మానికి సిద్ధమవుతున్నవాళ్లకు పాఠాలు చెబుతూ, విన్నది బయటివాళ్లకు చెప్పొద్దని కట్టడి చేశాడు.

ఎదురు గాలి వీయకపోలేదు. అంతియొకయ పండితులు చరిత్రను చరిత్రగా చదవమన్నారు. వాళ్లలో ఒకడైన థియొడోర్ పాత నిబంధనలోని పరమగీతాన్ని సొలొమోను తన ఐగుప్తు భార్య కోసం రాసిన పాటగా చదివాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ, చనిపోయి 125 ఏళ్లయిన థియొడోర్‌ను శపించింది. ఆయన మీద మోపిన నేరాల్లో ఈ పాట వ్యవహారమూ ఉంది. అదే సభ శాపాల జాబితాలో ఒరిజెన్ పేరూ చేరింది. లోతుగా చదివినవాడూ మిగల్లేదు, సూటిగా చదివినవాడూ మిగల్లేదు. ఏది సరైన అర్థమో తేల్చింది సాక్ష్యం కాదు, అధికారం. థియొడోర్ గ్రీకులో రాసిన వ్యాఖ్యానాల్లో చాలా భాగం నేడు దొరకదు.