నడినెత్తిన కుంపటి

‘పక్కా ఇల్లు’ అనే మాటపై నాకు చిరకాలంగా ఒక అభియోగమున్నది. సంస్కృతంలోని ‘పక్వ’ శబ్దమే హిందీలో ‘పక్కా’ అయి, సర్కారు కాగితాల వెంట మన పల్లెలకు వచ్చింది. పక్వమంటే ఉడికినది, పండినది. ఇటుక కాలినది గనుక ఇల్లు పక్కా అన్నారు. బాగానే ఉన్నది. కాని రోహిణీ కార్తెలో ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఒక రాత్రి ఆ ఇంట పడుకొని చూడండి. ఉడికేదెవరో తెల్లవారేలోగా బోధపడుతుంది.

మిత్రులలో న్యూజెర్సీ, షికాగో వంటి చోట్ల పాత అపార్టుమెంట్లలో కాపురమున్నవారు కిటికీ కింద పోత ఇనుప రేడియేటరును చూసే ఉంటారు. పంతొమ్మిదవ శతాబ్దిలో పుట్టిన సాధనమది. బాయిలరులో కాగిన నీరో ఆవిరో అందులోకి వస్తుంది. బరువైన ఇనుము ఆ వేడిని పట్టి ఉంచి, మంట ఆరిన పిమ్మట కూడ చాలాసేపు గదికి పంచుతుంది. చలిదేశంలో అది ప్రాణాధారం. తెలిసినవారు దానినెంత శ్రద్ధగా చూసుకొంటారో గమనించండి. వేడినీటితో నడిచేదైతే లోపల చేరిన గాలిని వదులుతారు. కారే మరను బిగిస్తారు. అడుగున పేరుకొన్న మడ్డిని కడుగుతారు. లోహపు మెరుపు రంగు పూస్తే వేడి తక్కువగా వెలువడుతుందని ఎరిగి మామూలు రంగే వేస్తారు. ఇనుము పగలనంత కాలం నూరేళ్ళదైనా దానిని పారవేయరు.

మనమేమి చేశాము? వేడిని పట్టి ఉంచి రాత్రి వదిలే అటువంటి బరువైన వస్తువునే తెచ్చి ఉష్ణదేశంలో నడినెత్తిన పెట్టుకొన్నాము. దాని పేరు శ్లాబు. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగి, పొద్దుగూకింది మొదలు చాలా రాత్రి వరకు కింద పడుకొన్నవారిపై కక్కుతుంది. చలిదేశపు బాయిలరుకు బొగ్గో చమురో కావాలి. మన కుంపటికి సూర్యుడే ఉచితంగా నిప్పు వేస్తాడు. సముద్రపు గాలి నెల్లూరు వారిని సాయంత్రమైనా పలకరిస్తుంది. వెలిగొండల పాదాన ఉన్న మన మెట్టకు వచ్చేసరికి దానికి ఊపిరి ఉండదు. మనకు దక్కేది పడమటి వడగాలి.

ఇదే మెట్టలో మన పెద్దలు మట్టి మిద్దెలు కట్టారు. గోడలపై దూలాలు, దూలాలపై దంతెలు, వాటిపై కట్టెలో కడప బండలో పరచి, మందంగా మట్టి కొట్టి, పైన చౌడు పోసేవారు. పొడిమట్టి కాంక్రీటు కంటె చాల నెమ్మదిగా వేడిని కిందికి పంపుతుంది. లోపల చేరిన వేడిగాలి కప్పులోని గవాక్షం గుండా పైకి పోయేది. ‘గవాక్షం’ అంటే ఆవు కన్ను. తరగతిలో విగ్రహవాక్యం చెప్పించే మాకు అందులోని గృహశాస్త్రం వేరుగా చెప్పనక్కరలేకపోయింది, ఇంటి కప్పులోనే పిల్లలకు కనబడేది గనుక.

మిద్దెకు లోపాలు లేవా? ఉన్నవి. ఏటేటా వానలకు ముందు చౌడు వేయాలి. వేయకపోతే కారుతుంది. దూలానికి చెద పడుతుంది, సందులలో తేళ్ళు చేరుతాయి. పూరిగుడిసె ఒక్క నిప్పురవ్వకు బుగ్గి అయిన కుటుంబాన్ని పిలిచి శ్లాబు వద్దనే సాహసం నాకు లేదు. వారికది భద్రత, గౌరవం కూడ. నా తగవు వారితో కాదు. దూలాలు గట్టిగా ఉండగానే, చౌడు వేయించే ఓపిక లేక మిద్దె పడగొట్టి శ్లాబు వేసి, మరుసటి వేసవికే ఏసీ బిగించే కలిగినవారితో. కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకొన్న ఉదయగిరి, తాతలనాటి దూలాలను పాతకలప కింద అమ్ముకోవడం చూస్తే ఏమనాలి?

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని తోడి వీథిలో పోస్తుంది, తాను తిన్న కరెంటు వేడిని దానికి జతచేసి మరీ. ఒకటిన్నర టన్నుల యంత్రం ఎనిమిది గంటలు నడిస్తే సుమారు పది యూనిట్లు. పక్కింటి వితంతువు పింఛనులో అది ఎన్ని రోజులకు వస్తుంది? మిద్దె ఉన్ననాడు ఆమె లోపల నిద్రపోయేది. శ్లాబు వచ్చాక అరుగు మీదికి వచ్చింది. అరుగు రోడ్డులో కలిసింది.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా వడదెబ్బకు బలైనారు. పగలు ఎండలో పనిచేసిన దేహానికి రాత్రి చల్లబడే అవకాశం లేకపోతే మరునాటి ఎండను తట్టుకొనే శక్తి సన్నగిల్లుతుంది. కాబట్టి పడకగది కప్పు ప్రాణాలకు సంబంధించిన విషయం.

మిద్దె ఉన్నవారు దూలం పుచ్చితే ఆ దూలమే మార్చండి, ఇల్లు మార్చకండి. జీర్ణోద్ధరణ దేవాలయానికే కాదు, ఇంటికీ చెల్లుతుంది. శ్లాబు ఉన్నవారు శివరాత్రి వెళ్ళగానే రాళ్ళసున్నం నానవేసి, వడగట్టి, జిగురు కలిపి పైన రెండు మూడు పూతలు వేయించండి. తెల్లని కప్పు ఎండలో అధికభాగాన్ని తిప్పికొడుతుంది. వానకు కొట్టుకుపోతుంది గనుక ఏటేటా వేయవలసిందే. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. నేను తిరిగిన మన మెట్ట కాలనీలలో మాత్రం ఒక్క తెల్లని కప్పు కనబడలేదు. ఇల్లు మంజూరు చేసే అధికారులు సిమెంటు బస్తాలతో పాటు సున్నానికీ నాలుగు రాళ్ళు లెక్కలో వ్రాయాలి. అంతవరకు ఆ ఇళ్ళను పక్కా అనే హక్కు వారికి లేదని నా వాదం. కాదనేవారు మే నెలలో మా ఊరు వచ్చి, ఒక రాత్రి శ్లాబు కింద పడుకొని, తెల్లవారి వాదించవలసిందిగా మనవి.