ఖాళీ డబ్బాలో ఏముండేది?

గత సంచికలో కార్యాలయపు కాగితం గురించి వ్రాశాము. ఒకవైపు అచ్చయిన కాగితాన్ని చిత్తుప్రతులకు వాడటం, వచ్చిన కవరుపై చీటీ అంటించి మరల పంపటం వంటి పాత అలవాట్లను గుర్తు చేసినందుకు పలువురు సోదర ఉద్యోగులు సంతోషించారు. ఒక గృహిణి మాత్రం, "కాగితాల సంగతి సరే, మా ఇళ్ళలో పేరుకుపోయిన డబ్బాల సంగతి కూడా వ్రాయండి" అన్నారు. ఆ మాట మమ్మల్ని కొంత ఇబ్బంది పెట్టిందని ఒప్పుకోక తప్పదు. కారణం దిగువన మనవి చేస్తాము.

డబ్బాను పారవేయకుండా దాచుకొనే విద్య మన ఇళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. హార్లిక్స్ సీసాలో మెంతులు, నూనె డబ్బాలో తులసి మొక్క, బిస్కెట్ల రేకు డబ్బాలో సూదీ దారమూ లేని ఇల్లు మన కాలనీలో ఉండదు. పాత చీరలు బొంతలవుతాయి. బొంతకైనా పనికిరానివి స్టీలు సామాన్లవాని మూటలోకి చేరి, బదులుగా ఒక గిన్నె ఇంటికి వస్తుంది. బేరం ఎంతసేపు సాగుతుందన్నది వేరే విషయం.

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో మా కాలనీకి రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చేవి. అప్పట్లో మా విభాగంలో ఖాళీ అయిన 35 లీటర్ల నీలిరంగు ప్లాస్టిక్ క్యాన్లు గోడవారగా పడి ఉండేవి. గట్టి మూత, పట్టుకొనేందుకు వీలైన పిడి; చూస్తూ చూస్తూ వదలబుద్ధి కాదు. ఒకదానిని ఇంటికి తెచ్చుకొన్నాము. సబ్బుతో నాలుగుసార్లు కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టి, చూపుకు బాగుండదని పైనున్న లేబులును చాకుతో గీకివేశాము. మొక్కలకు మాత్రమేనని ఇంట్లో చెప్పి పెరటిలో ఉంచాము. బిందెలు అడుగంటిన ఒక సాయంత్రం మా తల్లిగారు ఆ క్యానులోని నీళ్ళు గ్లాసుతో వంచుకొని త్రాగారు. కొంతసేపటికి నాలుక మండుతున్నదనీ, కడుపులో త్రిప్పుతున్నదనీ అన్నారు.

ఆసుపత్రిలో వైద్యులు అడిగిన మొదటి ప్రశ్న, "ఆ డబ్బాలో ఇదివరకు ఏముండేది?" అని. అన్నేళ్ళ సర్వీసున్న ఇంజనీర్లమై ఉండి జవాబు చెప్పలేకపోయాము. గొట్టాలలో స్కేలు కట్టకుండా కలిపే మందు, కూలింగ్ టవరు నీటిలో నాచు చేరకుండా కలిపే బయోసైడు, రెండూ అటువంటి క్యాన్లలోనే వచ్చేవి. తేడా చెప్పగలిగిన లేబులును మేమే గీకివేశాము! షిఫ్టులో ఉన్న సహోద్యోగికి ఫోను చేసి, స్టోర్సు రిజిస్టరు తీయించి, క్యాను అడుగున పోతపోసిన గుర్తుతో సరిచూస్తే అది బయోసైడు క్యాను అని తేలింది. అందుకు గంటన్నర పట్టింది. మర్నాటికి మా తల్లిగారు తేరుకొన్నారు. ఆ గంటన్నర మాత్రం మా మనసులో అలాగే ఉన్నది.

నాలుగుసార్లు కడిగినా ఎందుకు పోలేదని పాఠకులు అడుగవచ్చు. ప్లాస్టిక్ గోడ గాజు వంటిది కాదు. కొన్ని సేంద్రియ రసాయనాలు దానిలోనికి ఇంకి, తరువాత పోసిన నీటిలోకి నెమ్మదిగా దిగుతాయి. పైగా మూత మరలలో, పిడి బోలులో మిగిలినదానిని కడుగుడు అందుకోలేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలలో ఇటువంటి రసాయనాలు అంటిన ఖాళీ పీపాలను, డబ్బాలను కూడా ప్రమాదకర వ్యర్థాలుగానే చేర్చారు.

విచిత్రమేమంటే, ప్లాంటులో మేము ఇంత అజాగ్రత్తగా ఎన్నడూ లేము. ట్రాన్స్‌ఫార్మర్ నూనెను వేడి చేసి, వాక్యూములో తేమ లాగి, వడకట్టి మళ్ళీ వాడుతాము. కానీ 2.5 మిల్లీమీటర్ల ఎడముంచిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆ నూనె ఎంత వోల్టేజికి తట్టుకొంటుందో పరీక్షించి, ఫలితం రిజిస్టరులో చేరిన తరువాతనే. నూనెకు చూపిన ఆ శ్రద్ధను మంచినీళ్ళకు చూపలేదు.

దీనికి తిరుగుడుగా మరొక అలవాటున్నది. ఇది ఇంకా భయంకరమైనది. మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్, ఫినాయిలు, థిన్నరు పోసి ఉంచటం. వర్క్‌షాపులలోనూ, స్నానాలగదులలోనూ దీనిని చూస్తూనే ఉన్నాము. దాహంతో వచ్చిన పిల్లవానికి సీసా ఆకారమే కనబడుతుంది. పొరపాటున ఎవరైనా త్రాగితే వాంతి చేయించరాదు. ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఇక బజ్జీలు, పునుగులు వార్తాపత్రికలో పొట్లం కట్టవద్దని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2016లోనే హెచ్చరించింది. ముద్రణ సిరా ఆహారానికి అంటుకొంటుంది. మా క్యాంటీనులో అరటి ఆకు ముక్కలు వచ్చాయి. పాత పత్రికలను బీరువా అరలలో పరచుకోవటానికి అభ్యంతరమేమీ లేదు.

ఆ సంఘటన తరువాత క్యానును వెనుకకు అప్పగించబోతే, ఏ గేటుపాసు మీద బయటికి వెళ్ళిందని స్టోర్సువారు అడిగారు. దానికీ మా వద్ద జవాబు లేదు. ఇప్పుడు మా విభాగంలో ఖాళీ అయిన ప్రతి రసాయనపు క్యానుకు రంధ్రాలు చేసి, లేబులు ఉంచి, లెక్క వ్రాసి, అనుమతి పొందిన రీసైక్లింగు సంస్థకే ఇస్తున్నాము. ఈ సంగతి విన్న మా తల్లిగారు, "బంగారంలాంటి డబ్బాలకు చిల్లులు పెట్టడమేమిట్రా!" అని నొచ్చుకొన్నారు.