పీతల్ వేరు, పీతల్ రంగు వేరు

పోయిన వారం నాంపల్లిలో మా ఖాలా ఇంటికి దావత్‌కు పోతే, దాలాన్‌లో వేలాడే పీతల్ లైటు కనపడలేదు. మా నానా కొన్నది. “నల్లగా అయిపోయింది బేటా, కబాడీ వాడికి వేసేశాం” అన్నది ఖాలా. దాని జాగాలో ఆబిడ్స్ పక్కన ట్రూప్ బజార్ నుంచి తెచ్చిన ‘యాంటిక్ బ్రాస్’ లైటు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి ఆనిస్తే టక్కున అంటుకుంది. లోపల ఇనుము, పైన ములమ్మా! అసలీ పీతల్ అంటే తాంబా, జస్తా కలిసిన లోహం. దానికి అయస్కాంతం అంటదు.

అసలీ పీతల్‌ను తూకానికి అమ్మి, పీతల్ రంగును పైసలు పెట్టి కొన్నారన్నమాట.

యాంటిక్ బ్రాస్ అన్నది ఫినిష్ పేరని చెప్పి అమ్మితే అది తిజారత్. ‘ప్యూర్ పీతల్’ అని అమ్మితే ధోకా. పైన పొడి గింజలు, లోపల తడి గింజలు పెట్టిన వర్తకుడి కిస్సా ఎన్ని బయాన్లలో వినలేదు మనం?

కానీ నాకు దుకాణందార్ల కంటే మన మీదే ఎక్కువ గుస్సా. నుమాయిష్‌లో బిద్రీ సామాను ముందు నిలబడి ఆ నలుపుకు మాషాఅల్లాహ్ అంటాం. కారీగర్లు బీదర్ కోట మట్టిలో నవసాగరం కలిపి రుద్ది మరీ తెప్పించే నలుపు అది. ఇంట్లో పీతల్ తనంతట తాను నల్లబడితే మాత్రం ఐబ్!

ఉంచుకుంటే ఉంచుకోండి, వద్దంటే దాల్చాకు నానబెట్టిన ఇమ్లీలో కొంచెం మిగిల్చి, ఉప్పు వేసి రుద్దండి. పైన లక్కర్ పూత ఉంటే ముందు థిన్నర్‌తో తుడవాలి, లేకపోతే ఇమ్లీ ఎంత రుద్దినా బేకార్. ముందుగా మెయిన్ ఆపి లైటు దించి, హోల్డరు, వైర్లు విప్పండి.

అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మొద్దు, జస్తాతో పోతపోసిన నకిలీకి కూడా అది అంటదు. కనపడని చోట కత్తి మొనతో సన్నగా గీయండి. లోపలా పసుపే ఉంటే పీతల్. తెల్లగానో బూడిద రంగులోనో తేలితే ములమ్మా. దాని మీద ఇమ్లీ రుద్దితే ఉన్న పొర కూడా పోతుంది. వెలిసిపోతే సాండ్‌పేపర్ కొట్టి, ప్రైమర్ వేసి, నచ్చిన రంగు స్ప్రే చేసుకోండి. అది కూడా పారేయాల్సిన వస్తువేం కాదు.

నానా లైటుకు జోడీ ఇంకొకటి పై కమ్రాలో ఉంది. అదీ కబాడీకే అని విన్నాను. ఖాలాజాన్, ఇత్వార్ పొద్దున్నే వస్తున్నా. ఇమ్లీ నానబెట్టి ఉంచండి.