ఈ మధ్య చూసినవి

ఈ మధ్య చూసిన సినిమాల్లో ‘35 చిన్న కథ కాదు’ (2024) నన్ను ఇంకా వదల్లేదు. తిరుపతిలో పెరుగుతున్న అరుణ్‌కి సున్నాతోనే పేచీ: ఏ విలువా లేనిది ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుంది? పిల్లాడి ప్రశ్నే కదా అని దర్శకుడు నంద కిశోర్ ఈమాని తీసిపారేయలేదు. పదో తరగతి తప్పిన తల్లి కొడుకు కోసం మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది. ఆ పట్టుదలను నివేదా థామస్ ఎక్కడా అతి చేయకుండా పలికించారు. నాకైతే ఆమె నటన కోసమే ఇంకోసారి చూడాలనుంది.

‘బలగం’ (2023) మళ్లీ చూశాను. కాకి పిండం ముట్టక ఇంటిల్లిపాదీ పడే వేదన, చివర్లో బుడగజంగాల పాట, ఈసారీ కళ్లు తడిపాయి. దర్శకుడు వేణు యెల్దండి తెలంగాణ పల్లె మాటను పూర్తిగా నమ్మారు.

మీరు చూసినవాటి గురించి మాకు రాయండి.