సక్కర్ చేప తొట్టిని శుభ్రం చేయదు

గాజు తొట్టిలో రంగు చేపలతో పాటు ఒక సక్కర్ చేపను వేస్తే పాచి అంతా అదే తినేస్తుందని, తొట్టి కడిగే పని తప్పుతుందని అక్వేరియం పెంచేవారిలో గట్టి నమ్మకం ఉంది. ఏ చేపతోనైనా కలిసిపోయే సాధుజీవిగా దానికి పేరు కూడా వచ్చింది. ఈ నమ్మకంలో నిజం తక్కువ, నష్టం ఎక్కువ.

పిల్లగా ఉన్నప్పుడు సక్కర్ చేప గాజుకు అంటుకుని పాచిని గీకి తినడం నిజమే. అయితే తిన్నది ఎక్కడికీ పోదు. మలంగా, అమ్మోనియాగా అదే నీటిలో కలుస్తుంది. ఫిల్టర్ స్పాంజిలోనూ అడుగు గులకరాళ్లలోనూ పెరిగే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. పాచికి ఎరువు ఆ నైట్రేటే. నీళ్లు మారిస్తేనే అది తొట్టిలోంచి చాలావరకు పోతుంది. పైగా ఎదిగేకొద్దీ ఈ చేపకు పాచి మీద ఆసక్తి తగ్గి, గుళికల మేత మరుగుతుంది.

వేలెడంత ఉన్నప్పుడు కొన్న ఈ దక్షిణ అమెరికా నదుల చేప అడుగున్నర దాకా ఎదుగుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది సుమారు 55 లీటర్ల నీళ్లే. తొట్టిని బట్టి చేప పెరుగుతుందనే మాట కూడా అపోహే. ఇరుకులో పెరుగుదల ఆగిందంటే ఆ చేప జబ్బు పడుతోందని అర్థం. రాత్రిపూట తిరిగే సక్కర్, నెమ్మదిగా ఈదే గోల్డ్‌ఫిష్, ఏంజెల్ చేపల ఒంటికి అంటుకుని, రోగాలను అడ్డుకునే జిగురు పొరను గీకేయడం కూడా ఉంది.

ఒక్క సక్కర్ విషయంలోనే కాదు, కొన్న రోజున కొట్టుకోకపోతే చాలు, ఏ చేపలకైనా పొత్తు కుదిరినట్టే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ముందు చూడాల్సింది నీరు. రాతినేలల బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి. గప్పీ, మోలీ, ప్లాటీలకు అవి బాగా సరిపోతాయి. నియాన్ టెట్రా, డిస్కస్‌లు మెత్తని నీటి చేపలు. గోల్డ్‌ఫిష్‌కు చల్లదనం కావాలి. ఎండ 40 డిగ్రీలు దాటే వేసవిలో దానికి ఇబ్బందే. ఇక స్వభావం. టైగర్ బార్బులు ఆరుకు తక్కువైతే ఏంజెల్ రెక్కలు కొరుకుతాయి. రెండు మగ ఫైటర్లు ఒకచోట బతకవు.

సక్కర్ చేప తొట్టిలో పట్టనంత పెరిగాక అసలు ప్రమాదం మొదలవుతుంది. చంపడానికి మనసొప్పక, పుణ్యమనుకుని చెరువులో వదిలేస్తారు. ఈ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతం కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ ఉన్న సీమ. శ్రీరంగాపూర్ రంగసముద్రం, నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం లాంటి పాత చెరువుల సీమ. జూరాల కాల్వలు, శ్రీశైలం వెనుక జలాల నుంచి వచ్చే కల్వకుర్తి ఎత్తిపోతల కాల్వలు నదినీ చెరువులనూ కలుపుతున్నాయి. కాబట్టి ఒక చెరువులో పడిన చేప అక్కడే ఉంటుందన్న భరోసా లేదు. దాని ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు; వలలు చిరుగుతాయి, కొనేవారు ఉండరు. గాలి మింగి బతకగలదు కనుక నీరు అడుగంటినా వెంటనే చావదు. మగవి కట్టల్లో బొరియలు తవ్వుతాయి, ఆడవి వందల గుడ్లు పెడతాయి. చేపలు పట్టేవారు దాన్ని దెయ్యం చేప అన్నారంటే కారణం ఇదే. నల్లమల కూడా భాగమైన తూర్పు కనుమల్లో సగానికి పైగా జలాశయాలకు ఇది పాకిందని, నీటిలోని జన్యు ఆనవాళ్లను బట్టి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2024లో వెల్లడించారు. తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం కింద చెరువుల్లో వదిలే మృగాల, బంగారుతీగ వంటి అడుగున మేసే చేపల మేతకు ఇది పోటీ వస్తుంది. వాటి మీద బతికే కుటుంబాలు ఆ నష్టం ఎందుకు భరించాలి?

పాచి తగ్గడానికి ఏ చేపా అక్కర్లేదు. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా పెట్టి, దీపం రోజుకు ఎనిమిది గంటలు మించకుండా చూసి, రెండు నిమిషాల్లో తినేంతే మేత వేసి, వారానికి నాలుగో వంతు నీళ్లు మారిస్తే చాలు. ఇప్పటికే పెరిగిపోయిన సక్కర్‌ను కొన్న దుకాణానికో, పెద్ద తొట్టి ఉన్నవారికో ఇవ్వాలి. ఎవరూ తీసుకోకపోతే లవంగ నూనె కలిపిన నీటిలో మత్తుగా ప్రాణం పోయేలా చేసి పూడ్చిపెట్టాలి. చెరువులో, కాల్వలో, బావిలో మాత్రం వేయకూడదు.