పచ్చకోటు మడి

మడిబట్ట వీధికి రాదు, పరులు తాకరాదు. ఈ యాచారము మనదేశమున మాత్రమే కలదనుకొనువారు అమెరికా సంయుక్తరాష్ట్రములలో జార్జియాయందలి ఆగస్టానగరపు గోల్ఫుక్లబ్బు చరిత్రము కొంచెము వినవలసియున్నది. ‘ఆగస్టా నేషనల్’ అను ఆ క్లబ్బు సభ్యులు 1937వ సంవత్సరమునుండి పచ్చకోటులు ధరించుచున్నారు. సభ్యుని కోటు ఆవరణ దాటి పోరాదు. 1949 మొదలు అచ్చటి పందెమున గెలిచినవానికిని అట్టి కోటే తొడుగుదురు. అతడొక్కడు దాని నొక యేడు ఇంట నుంచుకొని, పిదప మరల తెచ్చి యప్పగింపవలెను.

స్థలము రమ్యమైనది, కాదనుట అసత్యమగును. దాదాపు 365 ఎకరముల యా భూమి పూర్వము బెర్క్‌మన్సు కుటుంబమువారి ఫలవృక్షముల నారుతోట. బానిసత్వము చట్టసమ్మతమై యున్న కాలమున, 1854లో కట్టిన మేడయే నేటి క్లబ్బుమేడ. వాకిటినుండి మేడవరకు బాటకిరువైపుల మాగ్నోలియా వృక్షములు బారులుతీరి యుండును. 1930లో ఒక్కయేటనే నాలుగు మహాపందెములు గెలిచి ఆట చాలించుకొనిన బాబీ జోన్సును, ధనవ్యవహారములలో నారితేరిన క్లిఫర్డు రాబర్ట్సును కలిసి యీ తోటను కొనిరి. మెకంజీ యను శిల్పజ్ఞుడు క్రీడాస్థలమును తీర్చిదిద్దెను. 1934లో తొలిపందెము జరిగెను. పదునెనిమిది గుంటలకును పూలమొక్కల పేరులు, వృక్షముల పేరులు పెట్టినారు. అతిథులకు కుటీరములున్నవి; ఐసెన్‌హోవరు అధ్యక్షునికై ప్రత్యేకముగా ఒకటి కట్టించిరి. పచ్చికక్రింద గొట్టములు పరచి, వాన కురిసినచో తడిని యంత్రములతో పీల్చుచు, వేళ్లకు గాలి యందించుచున్నారు. గరికపరక ఊపిరికై యింత తపించిన వారు మనుష్యులయెడ నెట్లుండిరో చూతము.

యుద్ధకాలమున, 1943 మొదలు 1945 వరకు, పందెములు నిలిపి యా పచ్చికపై పశువులను మేపిరి, టర్కీకోళ్లను పెంచిరి. పశువు కాలుమోపిన చోట నల్లజాతి మనుష్యుడు పందెగాడుగా కాలుమోపుటకు మరి ముప్పదియేండ్లు పట్టెను! కూలివాడుగా నన్ననో, అతడు మొదటినుండియు నచ్చటనే యున్నాడు. 1982 వరకు ప్రతి పందెగాడును క్లబ్బు నియమించిన మోతగానినే తీసికొనవలెనని నిబంధన. ఆ మోతగాండ్రు నల్లవారు. ఏ గుంటయొద్ద గాలి యెటు తిరుగునో, పచ్చిక యెటు వాలునో వారికి తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. ఆ తెలివిని మాత్రము భుజముమీది సంచితోపాటు ఇతరులకై మోయవలసినదే.

1967లో హార్ట్‌ఫర్డునందును, 1969లో లాస్ ఏంజెలిసునందును గెలిచిన చార్లీ సిఫర్డునకు ఆగస్టానుండి ఆహ్వానము రానేలేదు. లీ ఎల్డరును 1968లో ఫ్లోరిడాయందలి పెన్సకోలాలో క్లబ్బుమేడలోనికి రానీక, బండ్లు నిలుపు చోటనే బట్టలు మార్చుకొనజేసిరి. అచ్చటనే 1974లో గెలిచి, 1975లో ఆగస్టాలో ఆడిన మొదటి నల్లవాడయ్యెను. బెదరింపు జాబులు వచ్చుచుండుటచేత ఆ వారము రెండిండ్లు అద్దెకు తీసికొని, ఎందున్నదియు నెవరికి తెలియకుండ కాలము గడపెను.

ఇది సొంత క్లబ్బు, తమయింట తమ యిష్టము, మీకేల యని కొందరు వాదింతురు. మంచిది. కాని యే గృహస్థుడు తన యింటికి టిక్కెట్లమ్మి వేలకొలది జనమును రప్పించును? ఏ గృహస్థుడు తన పెరటి యాటను దేశదేశములకు టెలివిజనులో చూపించును? 1966లో ఒక వ్యాఖ్యాత ప్రేక్షకసమూహమును ‘మూక’ యన్నందుకు మరుసటియేడు అతనిని రానీయలేదు. లోకమంతయు వచ్చి చూచి మెచ్చుకొనునపుడు అది బహిరంగస్థలము. లోకము ప్రశ్న వేయునపుడు అది పడకగది! కోనేటిని ఊరుమ్మడిసొమ్ముతో పూడికదీయించి, నీటియొద్ద మాత్రము మా తాతగారు త్రవ్వించినదని యడ్డుపడిన మహనీయులను మనము చూడలేదా?

కాలక్రమమున వారే మారిరి గదా యని రెండవ వాదము. తేదీలు చూడుడు. 1990లో అలబామాయందలి షోల్ క్రీక్ క్లబ్బు నల్లవారిని చేర్చుకొనదని అల్లరి చెలరేగి, ప్రకటనదారులు సొమ్ము వెనుకకు తీసికొనిరి. ఆ యేడే ఆగస్టా క్లబ్బున మొదటి నల్లజాతి సభ్యుడు చేరెను. వేసవిలో మనస్సు మారుట కింత తొందర యెందువలన వచ్చినదో చెప్పనక్కరలేదు.

స్త్రీల విషయమున నదియు పనిచేయలేదు. 2002లో మార్తా బర్కు అను మహిళాసంఘనాయకురాలు స్త్రీలను చేర్చుకొనుడని లేఖ వ్రాయగా, తుపాకిబాకు మొనకు లొంగి చేర్చుకొనబోమని క్లబ్బధ్యక్షుడు హూటీ జాన్సను బదులు చెప్పెను. 2003, 2004 పందెములను ప్రకటనలు లేకుండనే టెలివిజనులో చూపిరి. ధనమునకు లొంగని ధీరులని వారిని పొగడినవారును గలరు. నష్టమోర్చుట గొప్పయే, ఎందులకై యోర్చిరన్నది గదా ప్రశ్న! స్త్రీలు సభ్యుల యతిథులుగా వచ్చి ఆడుచునే యున్నారు, ఇంక లోటేమని వారి సమాధానము. ఈ మాట మన సోదరీమణులకు క్రొత్తగా తోచదు. ఇల్లంతయు నీదే యనుచు, దస్తావేజులో పేరు లేకుండ చేయుట మన యుమ్మడి కుటుంబములు నేర్చిన విద్యయే. ఆంధ్రప్రదేశ్‌లో పిత్రార్జితపు టుమ్మడి యాస్తిలో కొమార్తెకు జన్మహక్కు నిచ్చిన శాసనము 1986లో గాని రాలేదు.

2012 జనవరిలో ఐబీఎం సంస్థకు ఒక స్త్రీ యధినేత్రి యయ్యెను. ఆ సంస్థ పందెమునకు పోషకురాలు. దాని పూర్వాధిపతులకు పచ్చకోటు లభించుట పరిపాటి. చిక్కు వచ్చిపడినది. ఆ యాగష్టు మాసముననే కాండొలీజా రైసును, డార్లా మూరును చేర్చుకొనిరి. రైసు అప్పటికే అమెరికా విదేశాంగమంత్రిత్వము చేసి దిగిన విదుషి. ప్రపంచరాజ్యములతో సంధులు నడపిన స్త్రీ గరికపై హక్కు పొందుటకు క్లబ్బు పుట్టి యెనుబదియేండ్లు కావలసెను.

2019నుండి క్లబ్బు స్త్రీలకును ఒక పందెము నడపుచున్నది. మొదటి రెండు దినములు వేరొక క్లబ్బున ఆడించి, నెగ్గి నిలిచినవారికి తుదియాట మాత్రము ఆగస్టాలో పెట్టుదురు. సభ్యుల పట్టికను నేటికిని ప్రకటింపరు. చేర్చుటకు దరఖాస్తు లేదు; పిలుపు వచ్చువారికి వచ్చును. ఆ పచ్చకోటులలో నల్లవారివి ఎన్ని, స్త్రీలవి ఎన్ని యని యడిగినచో, అది తమ యింటి సంగతి యనుటయే క్లబ్బువారి వాడుక.