మాత్ర మానడం వ్రతం కాదు

కార్తీక సోమవారం. స్వర్ణముఖి సముద్రంలో సంగమించే వాకాడు ప్రాంతంలో తెల్లవారకముందే స్నానాలు ఆరంభమవుతాయి. ఓపిక ఉన్నవారు తూపిలిపాళెం తీరానికి సముద్రస్నానానికి వెళతారు. లేనివారు ఏటిలోనో, పెరటి బావివద్దనో సంకల్పం చెప్పుకుంటారు. పగలంతా ఉపవాసం, ప్రదోషవేళ శివదర్శనం, నక్షత్రదర్శనానంతరం భోజనం. ఇది తరతరాల సంప్రదాయం, పావనమైన నియమం. ఇందులో వివాదం లేదు.

వివాదం మరొకచోట ఉంది. దీపాలు వెలిగించే వేళకు ఆలయప్రాంగణంలో కళ్ళు తిరిగి, స్తంభానికి చేరగిలబడి, చెమటలు పట్టి కూర్చునే పెద్దలు ఏ ఊరి కోవెలలోనైనా కనిపిస్తారు. విచారిస్తే తెలిసే సంగతి తరచుగా ఒక్కటే. మధుమేహం ఉంది, వైద్యుడు ఇచ్చిన మాత్రలు ఉన్నాయి. కొందరు ఉపవాసమని మాత్ర మానివేస్తారు. మరికొందరు మాత్ర మింగి అన్నం మానివేస్తారు. మొదటిదానివల్ల రక్తంలో చక్కెర పెరిగిపోతుంది. రెండవదానివల్ల ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎవరు చెప్పారని అడిగితే, "శాస్త్రంలో ఉందట" అంటారు. ఏ శాస్త్రమని అడిగితే, వాట్సాప్ సందేశం చూపిస్తారు.

శాస్త్రం పేరుతో శాస్త్రవిరుద్ధమైన మాట ప్రచారం కావడం నాస్తికుల విమర్శకంటే పెద్ద హాని. కనుక ఆ ప్రచారకుల వాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించడం ఆస్తికుల కర్తవ్యం.

మొదటి పూర్వపక్షం: వ్రతదినాన ఔషధం తీసుకుంటే వ్రతభంగం.

ఈ వాదానికి ప్రమాణం లేదు. వ్యతిరేక ప్రమాణం మాత్రం స్పష్టంగా ఉంది. మహాభారతం ఉద్యోగపర్వంలోని విదురనీతి వ్రతానికి భంగం కలిగించని వస్తువులను ఎనిమిదింటిని లెక్కించింది. జలం, కందమూలాలు, ఫలాలు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు ఆజ్ఞ, ఎనిమిదవది ఔషధం. అంటే వ్యాధిగ్రస్తుడు మందు వేసుకోవడం శాస్త్రం కన్నుగప్పి చేసే పని కాదు, శాస్త్రం పేరుపెట్టి అనుమతించిన పని. అంతేకాదు, పూర్ణోపవాసానికి శక్తి లేనివారికి నక్తం, ఏకభుక్తం, ఫలాహారం వంటి అనుకల్పాలను ధర్మశాస్త్ర నిబంధకారులు విధించారు. అశక్తుని పక్షాన కుటుంబంలోని వారు ప్రతినిధిగా వ్రతం ఆచరించే వెసులుబాటును కూడా కల్పించారు. ఇన్ని ద్వారాలు తెరిచి ఉంచిన ధర్మాన్ని ఒక్క ద్వారమూ లేని కారాగారంగా చూపేవారు ధర్మరక్షకులు ఎలా అవుతారు?

రెండవ పూర్వపక్షం: మంత్రజపం, ఆచారనిష్ఠ ఉన్నవారికి వైద్యంతో పని లేదు.

చరకసంహిత సూత్రస్థానం చికిత్సను మూడు విధాలుగా విభజించింది. మంత్ర, జప, హోమ, ఉపవాసాదులతో కూడినది దైవవ్యపాశ్రయం. ఆహార, ఔషధాల యోజన యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాలనుండి మనస్సును మరల్చి నిగ్రహించడం సత్త్వావజయం. ఈ మూడింటిలో ఒకటి ఉంటే మిగిలిన రెండూ అక్కరలేదని ఆచార్యుడు చెప్పలేదు. జపం చేసి మందు మానినవాడు రెండవదాన్ని తోసిపుచ్చాడు. మందు మింగి మనోనిగ్రహం మరచినవాడు మూడవదాన్ని తోసిపుచ్చాడు. చరకుని పేరు చెప్పి వైద్యుని దగ్గరకు వెళ్ళవద్దనడం, చరకుడే వైద్యుడన్న సంగతి మరచిపోవడం.

మూడవ పూర్వపక్షం: ప్రాచీన దినచర్యను యథాతథంగా అందరూ పాటిస్తే రోగాలన్నీ నశిస్తాయి.

వాగ్భటుని అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయం ఎలా ఆరంభమవుతుందో ఈ వాదులు గమనించరు. బ్రాహ్మీముహూర్తంలో మేల్కొనవలసినవాడు స్వస్థుడు, అంటే ఆరోగ్యవంతుడు అని అక్కడ ఉంది. రోగికి ఆ నియమం బలవంతంగా అంటగట్టబడలేదు. వ్యాయామాన్ని శక్తిలో సగానికే పరిమితం చేయాలన్నది కూడా ఆ అధ్యాయమే. స్నానాన్ని ఎంతగానో ప్రశంసించిన వాగ్భటుడే అతిసారం, పీనస, అజీర్ణం, నేత్రరోగం, కర్ణరోగం ఉన్నవారికీ, అప్పుడే భుజించినవారికీ స్నానం తగదన్నాడు. జలుబుతో మూలుగుతున్న ముసలితల్లిని కార్తీకమని నాలుగు గంటలకు చన్నీటిలో ముంచడం ఆచారం కాదు. అది అధికారిభేదం తెలియని మొండితనం.

నిద్ర సంగతి కూడా ఇంతే. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలని చరకుడు చెప్పాడు. రాత్రి పన్నెండు వరకు చరవాణి వెలుగులో మేల్కొని, నాలుగింటికి అలారం పెట్టుకొని లేచేవాడు బ్రాహ్మీముహూర్తాన్ని సాధించడంలేదు, ఒక స్తంభాన్ని పడగొడుతున్నాడు. తెల్లవారుజామున లేవడం అనే అలవాటు నిజానికి ముందురాత్రి తొమ్మిదింటికే మొదలవుతుంది.

మరి ఆచరించవలసినది ఏమిటి? ఖర్చులేనివి, రహస్యం లేనివి, ఎవరి ఇంటిలోనైనా సాధ్యమైనవి కొన్ని ఉన్నాయి. ప్రచారానికి పనికిరానంత సులభమైనవి కాబట్టే వాటిని ఎవరూ ప్రచారం చేయరు.

మొదటిది మాత్ర. తెలుగులో మాత్ర అంటే వైద్యుడు ఇచ్చే గుళిక. సంస్కృతంలో మాత్రా అంటే పరిమాణం. చరకుడు సూత్రస్థానంలో ఒక అధ్యాయానికి మాత్రాశితీయమని పేరు పెట్టాడు. మితభోజనమే దాని మొదటి ఉపదేశం. ఉదరాన్ని నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు అన్నానికి, ఒకటి ద్రవాలకు, ఒకటి వాయుసంచారానికి విడిచిపెట్టమన్నాడు వాగ్భటుడు. పగలంతా పస్తు ఉండి, చుక్క పొడవగానే పులిహోర, వడలు, పాయసం మూడుపూటలకు సరిపడా తినే ఉపవాసంలో ఆ నాలుగవ భాగం ఎక్కడ? ప్రసాదం కళ్ళకద్దుకొని కణమంత తీసుకున్నా ప్రసాదమే. దొన్నె నిండితేనే అనుగ్రహం అన్నది నాలుక చెప్పే సిద్ధాంతం.

రెండవది ఉప్పు. పిప్పలి, క్షారం, లవణం అనే మూడింటినీ అతిగా వాడరాదని చరకసంహిత విమానస్థానం హెచ్చరించింది. పాలలో సైతం ఉప్పు కలుపుకొనే దేశాలవారిని కూడా అక్కడ ప్రస్తావించింది. పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడు చెబుతున్నది; అది ఒక చిన్న చెంచాడు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప లేనిదే ముద్ద దిగని సముద్రతీరంలో ఈ ఒక్క నియమం రక్తపుపోటు ఉన్నవారికి ఎంతో మేలు చేయగలదు. దీనికి సంకల్పం చాలు, సన్యాసం అక్కరలేదు.

మూడవది నడక. ధనమూ బంధుబలమూ లేని ప్రమేహరోగికి సుశ్రుతుడు చెప్పిన చికిత్స ఆశ్చర్యం కలిగిస్తుంది. చెప్పులూ గొడుగూ లేక, భిక్షాన్నంతో, ఏ ఊరిలోనూ ఒక్కరాత్రికి మించి నిలవక, మునివలె సంయమంతో నూరు యోజనాలు నడవమన్నాడు. దీనిని కూడా అక్షరాలా పట్టుకొని మధుమేహులు ఎండిన రాళ్ళపై వట్టికాళ్ళతో నడవరాదు. ఆ వ్యాధి ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది, గాయం తెలియదు, మానదు. ఆలయంలో ప్రదక్షిణ చేసినా ఇంటికి వచ్చి పాదాలు పరీక్షించుకోవాలి. గ్రహించవలసిన సారం నడక. పొలం గట్టున నడిచి వెళ్ళిన తాతల మనుమలు నేడు రొయ్యల గుంటకూ మోటారు సైకిలుపైనే, కోవెల మెట్లవరకూ మోటారు సైకిలుపైనే. 2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో మూడు లక్షలకు పైగా జనం కలసి యోగాసనాలు వేశారు. అది శుభారంభమే. జూన్ 22న ఎందరు వేశారన్నదే అసలు ప్రశ్న. ఏడాదికొక పర్వం ఉత్సవమవుతుంది గాని దినచర్య కాదు.

నాలుగవది మనోవేగాల నిగ్రహం. మలమూత్రాదుల వేగాలను ఆపరాదని చెప్పిన అధ్యాయంలోనే చరకుడు ఆపవలసిన వేగాలను కూడా చెప్పాడు. లోభం, శోకం, భయం, క్రోధం, అభిమానం, ఈర్ష్య వంటివి. నేటివారి అలవాటు సరిగ్గా తలక్రిందులు. సీరియలు ముగిసేవరకు మూత్రం ఆపుకుంటారు. కోపం వస్తే ఒక్క క్షణం ఆపుకోరు. సంధ్యావేళ పది నిమిషాలు చరవాణి పక్కన పెట్టి, దీపం ఎదుట కూర్చొని, శ్వాసను గమనిస్తూ ఇష్టదేవతానామం స్మరించడం మనస్సుకు స్నానం. ఆ పూట అది దొరకని మనస్సు మరునాటికి మాసిన బట్టతోనే బయలుదేరుతుంది.

ఈ మాటలు విని, ఆచారాలన్నీ మూఢత్వమేనని సంబరపడేవారు కూడా ఉంటారు. వారికీ సమాధానం ఉంది. మందులచీటీ వ్రాసిన తరువాత వైద్యుడు చివరగా చెప్పే మాటలు ఏమిటి? మితంగా తినండి, ఉప్పు తగ్గించండి, నడవండి, నిద్రపోండి, ఆందోళన పడకండి. ఆచార్యులు చెప్పినదీ అదే. గుళికను మింగి పరిమాణాన్ని మరచినవాడికి గుళిక సంపూర్ణఫలం ఇవ్వదు. మాత్రా లేని మాత్ర అసంపూర్ణం. మాత్రను నిందించే మాత్రా అహంకారం.

కుమారసంభవం అయిదవ సర్గలో పార్వతీదేవి రాలిన ఆకులు సైతం విడిచి అపర్ణయై తపస్సు చేస్తుండగా శివుడు బ్రహ్మచారి వేషంలో వస్తాడు. ఆయన అడిగిన తొలి కుశలప్రశ్నలలో ఒకటి, నీ శక్తికి తగినట్లుగానే తపస్సు చేస్తున్నావా అని. ధర్మసాధనకు శరీరమే మొదటి ఉపకరణమని గుర్తుచేస్తాడు. జగన్మాతనే అలా ప్రశ్నించిన స్వామి, మధుమేహంతో, రక్తపుపోటుతో బాధపడే వృద్ధభక్తురాలు తన పేరిట మందు మానితే సంతోషిస్తాడా?

కాబట్టి రాబోయే కార్తీకానికి ముందే ఇంటిలోని పెద్దలను వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఉపవాసం ఉండవచ్చునా, ఉంటే ఏ మాత్ర ఎప్పుడు ఎంత, అని అడిగి తెలుసుకోండి. వద్దన్నవారికి ఫలాహారమో, నామజపమో వ్రతంగా నిర్ణయించండి. మధుమేహులు కోవెలకు వెళ్ళేటప్పుడు కొంగున బెల్లంముక్క కట్టి పంపండి. కళ్ళు తిరిగితే ఆ బెల్లం నోట వేసుకోవడమే ఆ క్షణంలో ధర్మం. తేరుకోకపోతే ఆసుపత్రికి చేర్చడం చుట్టూ ఉన్నవారి ధర్మం. దీపం వెలగాలంటే ప్రమిద పగలకుండా ఉండాలి.

స్వస్తి.